కూవం అవతల తొమ్మిదిమంది అక్కచెల్లెళ్లు

మద్రాసులోని చింతాద్రిపేట పేరులో మగ్గం ఉంది. అరవంలో 'తఱి' అంటే మగ్గమే. 1734లో గవర్నర్ పిట్ హయాంలో, వర్తకుడు సుంకురామచెట్టి తోటలో, కంపెనీవాళ్లు నేతగాళ్ల కోసం కట్టించిన పేట ఇది. 'చిన్న తఱి పేట' నోళ్లలో నానీ నానీ చింతాద్రి అయింది.

పేట పక్కన పారే కూవం దాటితే ఎగ్మూరు మ్యూజియం. టికెట్టు కొనేవాళ్లలో ఎందరికి తెలుసో గానీ, ఆ పేరులో దేవతలున్నారు. గ్రీకుల కళాదేవతలు 'మ్యూజ్'లు తొమ్మిదిమంది. తండ్రి జ్యూస్, తల్లి జ్ఞాపకశక్తికి అధిదేవత. ఎంత సబబైన పుట్టుక! వాళ్ల కోవెల పేరే మ్యూజియం అయింది. మ్యూజిక్‌దీ అదే ఇంటిపేరు. 1851లో మొదలైన ఈ మ్యూజియం ఉన్న వీధి పాంథియన్ రోడ్డు. అదీ గ్రీకు మాటే, సర్వదేవతల గుడి అని. అంతా గ్రీకుమయమైన ఆ చిరునామాలో మన అమరావతి శిల్పాలు కొలువున్నాయి.

ఇంగ్లీషులో ఆలోచనలో మునగడాన్నీ 'మ్యూజ్' అనే అంటారు. దానికీ ఈ దేవతలకూ చుట్టరికం లేదు. అది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది.

గ్రీకు కవయిత్రి శాఫోను పదో మ్యూజ్ అన్నారు. 1864లో మద్రాసు అబ్జర్వేటరీలో పాగ్‌సన్ కనిపెట్టిన గ్రహశకలానికి ఆమె పేరే పెట్టారు.

కవితావేశానికి కారణమైన మనిషినీ మ్యూజ్ అనడం తర్వాతి వాడుక. మన భావకవులు ఆ మనిషికి ఏకంగా పేర్లే పెట్టుకున్నారు. కృష్ణశాస్త్రికి ఊర్వశి, బాపిరాజుకు శశికళ. విశ్వనాథకైతే ఒక వాగే ఆడదైంది, కిన్నెరసాని. నాకు మాత్రం వీళ్లందరిలో నండూరి సుబ్బారావు ఎంకి మీదే మనసు. పల్లెపిల్ల, నాయుడుబావ తప్ప లోకం పట్టనిది. పుట్టిందేమో మద్రాసులో, కవి కాలేజీలో చదువుకునే రోజుల్లో. మొదటి పాట ట్రాంబండిలో తట్టిందని చెప్పుకుంటారు. పచ్చని చేలగట్ల మీద తిరిగే ఎంకికి పట్నపు ట్రాం పురిటిల్లు కావడం తమాషా కాదూ!

వీళ్లకు నాలుగు వందల ఏళ్ల ముందే కృష్ణదేవరాయల కలలోకి మ్యూజ్ వచ్చింది, మగవేషంలో. కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యదలో రాయలే చెప్పుకున్నాడు. దేవుడు కోరిన ఆ కథలో నాయిక ఆండాళ్, అరవంలో పాశురాలు పాడిన కవయిత్రి.