అలల పలకపై బాటిక్

పిల్లలారా! నవంబరు నుండి మార్చి వరకు ఈశాన్య ఋతుపవనాలు వీచే కాలంలో పహాంగ్ తీరాన చెరాటింగ్‌లో పెద్ద అలలు లేస్తాయి. వాటిపై నిలిచి సాగిపోయే పలకే సర్ఫ్‌బోర్డు. బాటిక్ గుడ్డను ఆ పలకలో పొదగవచ్చునని మీకు తెలుసా?

ముందుగా నురుగు దిమ్మను చేతితో చెక్కి నునుపు చేస్తారు. దానిపై పలుచని నూలు గుడ్డను ముడతలు లేకుండా పరచి, రెసిన్ అనే జిగురు ద్రవాన్ని పోసి, గాలిబుడగలు పోయేలా ఒత్తుతారు. తడిసిన రంగులు చిక్కబడతాయి. ఆపై గాజునార గుడ్డను కప్పి మరల రెసిన్ పూస్తారు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. బాటిక్ చిత్రించేవారు రంగు అంటకూడని చోట చాంటింగ్ అనే పనిముట్టుతో కరిగిన మైనాన్ని గీస్తారు. పిదప గుడ్డను మరిగే నీటిలో వేసి ఆ మైనాన్ని తొలగిస్తారు. అది ఏమాత్రం మిగిలినా రెసిన్ పట్టదు. పొర లేచి, ఉప్పునీరు లోనికి చేరి పలక చెడిపోతుంది.

కొబ్బరి తోటలో మా నాయనమ్మ కట్టిన పాత సరోంగు నా వద్ద ఉన్నది. ఎన్నో ఏళ్లు ఉతికిన గుడ్డ. ఈ పనికి చక్కగా సరిపోతుంది. కాని కత్తెర పట్టడానికి నాకు చేతులు రావు.

పలక సిద్ధమైన పిమ్మట, పాదం జారకుండా దాని పైభాగాన రుద్దేది మరల మైనమే!