బామ్మ పక్కన కాస్త చోటు

మందుల్లేవు. గదుల్లేవు. డాక్టర్లయితే అసలే లేరు. ఉన్నదల్లా ఆరుబయట ఓ చెక్క బెంచీ, దానిమీద ఓ బామ్మ. జింబాబ్వేలో వేలమంది మనసుల్లో గూడుకట్టుకున్న దిగులు అక్కడే కరిగింది.

హరారే... జింబాబ్వే రాజధాని. అందులో ఎంబారే అనే పేట. బస్టాండూ కూరగాయల మార్కెట్టూ ఒకేచోట ఉంటే మన ఊళ్లలో ఎంత సందడిగా ఉంటుందో, ఎంబారే ఎప్పుడూ అంత సందడిగా ఉంటుంది. కూలీనాలీ చేసుకునేవాళ్లు, పాత బట్టలమ్మేవాళ్లు, పల్లెల నుంచి పొట్టచేతబట్టుకుని వచ్చినవాళ్లు అక్కడ కిక్కిరిసి బతుకుతుంటారు. ఆ పేట ఆస్పత్రి ఆవరణలో ఓ బెంచీ కనిపిస్తుంది. దానిమీద కూర్చున్నావిడ డాక్టరు కాదు, నర్సు కాదు. ఆ వీధిలోనే ఉండే పెద్దావిడ. అందరూ 'అంబుయా' అంటారు. షోనా భాషలో అంబుయా అంటే బామ్మ.

ఆమె పక్కన ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. మొగుడు వదిలేసిన అమ్మాయి, ఎయిడ్స్ మందులు మింగలేక మానేసిన ఇల్లాలు, అప్పులవాళ్లకు మొహం చాటేస్తున్న చిరువ్యాపారి... ఎవరైనా సరే. 'నీ జబ్బేంటి' అని బామ్మ అడగదు. 'ఏం జరిగిందో చెప్పు తల్లీ' అంటుంది. చెప్పేది పూర్తయ్యేదాకా నోరు మెదపదు. (మన పెద్దవాళ్లలో చాలామందికి ఇదే చేతకాదు. సగం వినగానే సలహా ఇచ్చేస్తారు!)

పదిహేను డాలర్లు

ఈ బెంచీ వెనక ఓ చావు ఉంది. డిక్సన్ చిబాండా హరారేలో మానసిక వైద్యుడు. కోటి దాటిన జనాభాకి మానసిక వైద్యులు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉన్న దేశం అది. 2005లో ఆయన దగ్గర వైద్యం చేయించుకుంటున్న 26 ఏళ్ల అమ్మాయి ఒకరు ఆత్మహత్య చేసుకుంది. దూరాన ఉన్న ఊరి నుంచి తల్లి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది. 'మళ్లీ చూపించుకోవడానికి ఎందుకు తీసుకురాలేదు?' అని డాక్టరు అడిగారు. బస్సు ఛార్జీకి పదిహేను డాలర్లు లేకపోయాయని జవాబు.

ఆ తర్వాత ఆయనకు నిద్రపట్టలేదు. రోగి తన దగ్గరకు రావాలని ఆస్పత్రిలో కూర్చుంటే, రాలేనివాళ్ల సంగతేంటి?

అదే ఏడాది జింబాబ్వే ప్రభుత్వం 'మురంబట్స్వీనా' పేరుతో నగరాల్లో పూరిళ్లనూ, వీధి దుకాణాలనూ బుల్డోజర్లతో నేలమట్టం చేసింది. ఆ మాటకు చెత్తను ఊడ్చేయడం అని అర్థం. ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నవాళ్లు ఏడు లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి లెక్కగట్టింది. కూల్చివేతలు జరిగిన పేటల్లో ఎంబారే కూడా ఒకటి. అప్పటికే ఎయిడ్స్ ఆ దేశాన్ని పీల్చి పిప్పిచేసింది. నడివయసువాళ్లు పోగా, మనవళ్లను సాకే భారం ముసలివాళ్ల మీద పడింది. మరి ఆ జనం గుండెకోత వినేదెవరు?

మిగిలింది బామ్మలే

తనకు కొంతమంది నర్సులూ, ఆస్పత్రిలో ఓ గదీ కావాలని చిబాండా అడిగారు. నర్సులకు గర్భిణులు, టీకాలు, హెచ్ఐవీ పరీక్షలతోనే ఊపిరాడటం లేదు. గదులు కూడా ఖాళీ లేవు. ఆఖరికి ఆయనకు దక్కింది పద్నాలుగు మంది బామ్మలు. పేటలో ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం గురించి చెప్పే కార్యకర్తలు వాళ్లు. పెద్ద చదువుల్లేవు. మానసిక వైద్యం గురించి విననైనా వినలేదు. గది లేదు కాబట్టి ఆరుబయటే బెంచీ వేశారు. ఇదంతా జరిగేపనేనా అని మొదట్లో డాక్టరుగారికే అనుమానం!

2006లో పని మొదలైంది. బెంచీకి 'మానసిక ఆరోగ్య బెంచీ' అని పేరు పెట్టారు. ఇంకేముంది... ఒక్కరూ రాలేదు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగా ఆ పేరున్న బెంచీమీద కూర్చుంటే 'పిచ్చిది' అనే ముద్ర పడదూ? ఈ సంగతి డాక్టరుకు తట్టలేదు కానీ బామ్మలకు తెలుసు. పేరు మార్చమన్నారు. అలా అది 'స్నేహపు బెంచీ' అయింది. బామ్మతో కాసేపు కబుర్లాడటానికి వెళ్లానంటే ఎవరూ వింతగా చూడరు కదా.

డిప్రెషన్, యాంగ్జైటీ లాంటి మాటలు కూడా బామ్మలకు ఎక్కలేదు. వాళ్ల భాషలో వేరే మాట ఉంది. కుఫుంగిసిసా. అతిగా ఆలోచించడం అని దానర్థం. ఒకే ఆలోచన బుర్రలో తిరగలిలా తిరుగుతుంటే నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఒళ్లంతా నొప్పులు. మనకు మాత్రం ఇలాంటి మాటలకు కొదవా? కోస్తాలో బెంగ పెట్టుకున్నాడంటారు, తెలంగాణలో రంది పెట్టుకున్నడంటారు. 'మీకు డిప్రెషన్ ఉందా' అంటే తల అడ్డంగా ఊపే మనిషే 'ఏం బెంగ పెట్టుకున్నావమ్మా' అంటే కళ్లొత్తుకుంటుంది.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. ఈ కుఫుంగిసిసాను శాస్త్రీయంగా పట్టుకున్నవారిలో ముఖ్యులు ముంబయిలో పుట్టిన డాక్టర్ విక్రమ్ పటేల్. 1990ల తొలి సగంలో ఆయన హరారేలో పనిచేశారు. నాటువైద్యులతో, నర్సులతో, రోగులతో మాట్లాడి, జనం తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటారో ఏరి, పద్నాలుగు ప్రశ్నల పట్టికను సహచరులతో కలిసి తయారుచేశారు. 'ఈ వారంలో అతిగా ఆలోచించావా?', 'ఏడవాలనిపించిందా?' లాంటి ప్రశ్నలు. అవును, కాదు... రెండే జవాబులు. బామ్మల చేతిలో ఈనాటికీ ఉన్నది ఆ పట్టికే.

బెంచీమీద ఏం జరుగుతుంది?

తొమ్మిదో అంతకు మించో ప్రశ్నలకు 'అవును' అన్నవాళ్లను బెంచీకి పంపుతారు. చచ్చిపోవాలనిపిస్తోందనో, లేని గొంతులేవో వినిపిస్తున్నాయనో చెప్పేవాళ్లను బామ్మ తన దగ్గర అట్టిపెట్టుకోదు. పై వైద్యులకు అప్పగిస్తుంది. తన హద్దు తనకు తెలియడం కూడా ఆమె శిక్షణలో భాగమే.

మిగతావాళ్లతో పని మూడు మెట్లుగా సాగుతుంది. వాటికీ షోనా పేర్లే. మొదటిది కువూరా ప్ఫుంగ్వా, అంటే మనసు తెరవడం. ఉన్న కష్టాలన్నీ బయటపెట్టించి, అందులోంచి ఒక్కటి ఎంచుకోమంటారు. బెంచీ కిటుకంతా ఈ ఎంపికలోనే ఉంది. ఒకావిడకు అద్దె బాకీ ఉంది, మొగుడు తాగొచ్చి కొడతాడు, పిల్లాడికి బడి ఫీజు కట్టలేదు అనుకోండి. మూడూ కలిస్తే కొండ. 'ముందు ఏది పట్టుకుందాం?' అంటుంది బామ్మ. ఆవిడ ఫీజు అంటుంది. సరే, ఫీజు విషయంలో ఈ వారం నీ చేతిలో ఉన్నదేంటి? బడి పెద్దను కలిసి గడువు అడగగలవా? ఎప్పుడు వెళతావు? ఎవర్ని తోడు తీసుకెళతావు? అన్నీ ఆవిడ నోటే చెప్పిస్తుంది తప్ప, తీర్పు మాత్రం తాను చెప్పదు.

రెండోది కుసిముడ్జిరా, పైకి లేపడం. మూడోది కుసింబిసా, బలాన్నివ్వడం. మరుసటి వారం వచ్చినప్పుడు ఏమైందని అడుగుతుంది. బడి పెద్ద కుదరదన్నాడా? ఇంకో దారి వెతుకుదాం అంటుంది. ఇలా ఆరు విడతల దాకా. మానసిక వైద్యంలో దీన్ని సమస్యా పరిష్కార చికిత్స అంటారు. కష్టం తీరడంకన్నా, దాన్ని కాస్తయినా కదిలించగలనన్న నమ్మకం తిరిగి రావడమే ఇందులో ముఖ్యం. మొదటి మాటామంతీకి ముప్పావుగంటో గంటో పడుతుంది. పెద్దాస్పత్రిలో ఏ డాక్టరు ఇవ్వగలడు అంత సమయం?

బెంచీ దిగాక కూడా ఒంటరిగా వదలరు. 'చేయీచేయీ కలుపుదాం' అనే అర్థమొచ్చే పేరుతో బృందాలున్నాయి. బెంచీమీద కూర్చుని కుదుటపడ్డవాళ్లే వాటిని నడుపుతారు. వారానికోసారి గుండ్రంగా కూర్చుని పాత ప్లాస్టిక్‌ను దారంలా కత్తిరించి క్రోషాతో సంచులు అల్లుతారు. చేతులు అల్లుతుంటే నోళ్లు కష్టసుఖాలు మాట్లాడుకుంటాయి. సంచులమ్మితే నాలుగు డబ్బులొస్తాయి. 2009లో వంద లక్షల కోట్ల డాలర్ల నోట్లు అచ్చయిన దేశంలో ఆ నాలుగు డబ్బుల విలువ తక్కువేం కాదు.

పరీక్షకు నిలబడింది

మంచి కథలకు ప్రపంచంలో లోటులేదు. కథ బాగున్నంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు. చిబాండా బృందానికి ఆ సంగతి తెలుసు. అందుకే హరారేలో 24 ఆస్పత్రులను తీసుకుని, చీటీలు వేసినట్టు రెండుగా విడగొట్టారు. సగం చోట్ల బెంచీలు. మిగతా సగంలో మామూలు వైద్యానికి తోడు కొంత సలహా, సమాచారం. మొత్తం 573 మంది. వాళ్లలో నూటికి నలభైమందికి పైగా హెచ్ఐవీ ఉన్నవాళ్లే. ఆరునెలల తర్వాత చూస్తే, బెంచీ లేనిచోట డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లు 49.9 శాతం. బెంచీమీద కూర్చున్నవాళ్లలో 13.7 శాతం! 2016 డిసెంబరులో అమెరికా వైద్యసంఘం పత్రిక 'జామా' ఈ ఫలితాలను అచ్చువేసింది. అప్పుడుగానీ ప్రపంచం ఈ బామ్మలవైపు చూడలేదు.

అలాగని అన్నీ పూలబాటలే కావు. ఆ అధ్యయనంలో చేరినవాళ్లలో నూటికి 86 మంది ఆడవాళ్లే. మగవాళ్లు ఆ బెంచీ దాకా రావడానికి మొహమాటపడతారు. వాళ్లను రప్పించడం బామ్మలకూ గట్టి పనే. ఇంకోటి... అద్దె బాకీని బామ్మ తీర్చలేదు. కూల్చిన ఇంటిని ఆమె కట్టివ్వలేదు. పేదరికం పుట్టించిన దిగులుకు ఓదార్పు ఒక్కటే మందని ఏ ప్రభుత్వమైనా అనుకుంటే, అంతకన్నా చవకైన తప్పించుకునే దారి మరోటి ఉండదు. డాక్టర్లను నియమించే బాధ్యత బెంచీ వేశాం కదా అని తీరిపోదు. ఏళ్ల తరబడి ఊరందరి బాధనూ మోసే ఆ బామ్మలకు దక్కేదెంత అన్న ప్రశ్న కూడా అడగాల్సిందే.

అయినా బెంచీలు దేశం దాటాయి. మలావీ, జాంజిబార్ వెళ్లాయి. న్యూయార్క్‌లో నారింజరంగు వేసుకున్నాయి. అక్కడ వాటిమీద కూర్చున్నవాళ్లలో మత్తుపదార్థాల నుంచి బయటపడ్డవాళ్లు కూడా ఉన్నారు. అనుభవించినవాడికే తెలుస్తుందని కాబోలు. 2022లో ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగినప్పుడు, ప్రపంచ ఆరోగ్యసంస్థ చొరవతో ఆడే జట్టుకొకటి చొప్పున దోహాలో 32 బెంచీలు వేశారు.

మన గడప దగ్గర

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్లలో అత్యధికులకు ఏ వైద్యమూ అందడం లేదు. డిక్సన్ చిబాండాలాంటి ఆలోచన మన దగ్గరా లేకపోలేదు. విక్రమ్ పటేల్ జింబాబ్వే నుంచి వచ్చాక గోవాలో 'సంగాత్' సంస్థను ప్రారంభించినవారిలో ఒకరయ్యారు. డాక్టర్లు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి ఆస్పత్రుల్లో సలహాదారులుగా కూర్చోబెట్టారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అది పనిచేసిందనీ, ప్రైవేటు క్లినిక్కుల్లో పెద్ద తేడా లేదనీ 2010లో ఫలితాలొచ్చాయి.

తెలుగునేల మీద జరిగిన ప్రయత్నం పశ్చిమగోదావరి జిల్లాది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడ 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. వాళ్లు ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, నిద్ర పడుతోందా, దేనిమీదైనా ఆసక్తి పోయిందా అని 5,007 మందిని అడిగారు. 238 మందికి ఇబ్బంది ఉందని తేలింది. అంతకుముందు మనసు బాగాలేదని వైద్యానికి వెళ్లినవాళ్లు వీళ్లలో ఎందరు? ఇద్దరు! ఆశాలు నచ్చజెప్పి పంపాక డాక్టరు దగ్గరకు వెళ్లినవాళ్లు 30 మంది. రెండు నుంచి ముప్పై అంటే పెద్ద గెంతే. కానీ మిగతా 208 మంది? వెళితే కూలి పోతుందనుకున్నారో, పిచ్చాస్పత్రి మాట పుడుతుందని భయపడ్డారో. గిరిజన గూడేల్లో డాక్టరు దాకా వెళ్లడమే ఓ ప్రయాణం. ఆ ప్రాజెక్టు తర్వాత ఇంకొన్ని గ్రామాలకూ, హర్యానాకూ విస్తరించింది.

2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం 'టెలీ మానస్' మొదలుపెట్టింది. 14416కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా, ఏ వేళనైనా, తెలుగులోనూ మాట్లాడతారు. అవతల ఉండేది బామ్మ కాదు, శిక్షణ పొందిన కౌన్సెలర్. అవసరమైతే అక్కడి నుంచే మానసిక వైద్యుడికి కలుపుతారు. బస్సు ఛార్జీ అక్కర్లేదు.