ఎనిమిదేళ్ల పంటికి రూట్‌కెనాలా?

పెనుకొండలో ఓ పిల్లాడు బడి మెట్ల మీద బోర్లా పడ్డాడనుకోండి. ముందరి పన్ను సగం విరిగింది. 'చిన్నోడే కదా, మళ్లీ వస్తుందిలే' అని ఇంట్లోవాళ్లు వదిలేశారు. కొన్నాళ్లకి పన్ను నల్లబడి, చిగురు మీద చీముపొక్కు లేస్తే అప్పుడు పరుగు!

ఏడెనిమిదేళ్లకి వచ్చే ఆ పళ్లు పాలపళ్లు కావు, పోతే మళ్లీ రావు. పైగా పన్ను బయటికొచ్చాక కూడా వేరు పూర్తవడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. ఈలోగా లోపలి నరం చచ్చిపోతే వేరు ఎదుగుదల ఆగిపోతుంది. గోడలు పలచన, కొసేమో తెరిచిన గొట్టం. మామూలు రూట్‌కెనాల్ చేస్తే నింపిన మందు కొసలోంచి అవతలికి జారిపోతుంది.

అందుకే ముందు అడుగు కట్టాలి. 1960ల నుంచీ దానికి వాడింది కాల్షియం హైడ్రాక్సైడ్. తాంబూలంలో వేసుకునే సున్నమే అనుకోండి, కాకపోతే శుద్ధి చేసింది! కొస మూసుకోవడానికి ఆర్నెల్ల నుంచి ఏడాదిన్నర. మధ్యమధ్యలో మందు మార్చాలి. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటికి ఒక్కో ప్రయాణం ఒక్కో రోజు పని పోవడమే. నొప్పి తగ్గిందని మధ్యలో మానేస్తే మొదటికే మోసం. సున్నం మరీ ఎక్కువకాలం ఉంటే వేరు పెళుసెక్కవచ్చని కూడా తర్వాత తేలింది.

ఈ తిప్పట తగ్గించింది ఎంటీఏ. అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో మహమూద్ తొరాబినెజాద్ బృందం 1993లో దీన్ని పరిచయం చేసింది. ఇల్లు కట్టే సిమెంటుకి దగ్గరి చుట్టమే! తడిలోనే గట్టిపడుతుంది. కొసలో నాలుగైదు మిల్లీమీటర్లు కూరితే ఒకటి రెండు సిట్టింగుల్లో అడుగు సిద్ధం. 2001 తర్వాత ఇంకో దారీ వచ్చింది. పంటిని శుభ్రం చేసి, కొస దగ్గర కావాలనే కాస్త రక్తం ఊరనిస్తారు. ఆ గడ్డ ఆధారంగా కొందరిలో వేరు మళ్లీ పెరుగుతుంది. అందరిలోనూ కాదు.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు రైలుమార్గంలోనే ఉన్నాయి. అక్కడా, ఇటు కడపలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. అయితే ముందు దగ్గర్లోని దంతవైద్యుడి దగ్గర ఎక్స్‌రే తీయించాలి, అదీ పడిన రోజే. నరం బతికుంటే పైభాగం కొద్దిగా తీసి మందు వేస్తారు. వేరు తనంతట తనే పూర్తవుతుంది. విరిగిన ముక్క దొరికితే పాలల్లో వేసి పట్టుకెళ్లండి. చాలాసార్లు దాన్నే తిరిగి అతికిస్తారు.