ట్రాక్టరు సొమ్ముతో పుట్టిన మియూరా

పాలమూరు చెలకలలో తొలకరి పదును తగిలిన నాడు ట్రాక్టరునకు కలుగు గౌరవమును, గంటకింత యని కిరాయి మాటాడుకొని రైతులు గట్టుమీద నిలిచి దానికొఱకు ఎదురుచూచు తీరును మన జిల్లావారికి వర్ణించి చెప్పనక్కఱలేదు. అయితే ఆ ట్రాక్టరునకును, సినిమాలలో కోటీశ్వరుల కుమారులు నడుపు ఇటలీ కార్లకును దగ్గఱి చుట్టరికము కలదన్నచో నమ్మువారు కొద్దిమందియే యుందురు. ఇరువదవ శతాబ్దపు వేగపు కార్లలో మిక్కిలి సుందరమైనదని పలువురు తలచు లంబోర్గిని మియూరా, పొలము దున్ను యంత్రములమ్మగా వచ్చిన సొమ్ముతో పుట్టినది.

ఫెరూచో లంబోర్గిని 1916లో ఉత్తర ఇటలీయందు, చెంతో పట్టణ సమీపమునగల రెనాట్సో గ్రామములో వ్యవసాయ కుటుంబమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రోడ్స్ ద్వీపములో సైన్యపు వాహనములను మరమ్మతు చేయుచు చేయి తిరిగినవాడై, యుద్ధము ముగిసినపిదప స్వస్థలమునకు మరలి, సైన్యములు వదలిపోయిన వాహనముల భాగములను చౌకగా సంపాదించి, వానితో రైతులకు అందుబాటగు ధరలో ట్రాక్టర్లు కట్టసాగెను. పెట్రోలు ప్రియమైన ఆ దినములలో, పెట్రోలుతో స్టార్టు చేసి పిదప డీజిలుతో నడుపుకొను ఉపాయమును కల్పించుటచే అతని బండ్లకు గిరాకి పెరిగెను. పదునైదేండ్లు తిరుగకమునుపే అతడు ఫెరారీ కార్లు కొనగల ధనికుడయ్యెను. ఆ ఫెరారీ క్లచ్ మాటిమాటికి చెడుచుండగా అతడు పోయి మొఱపెట్టుకొనెననియు, ట్రాక్టర్లవానికి కార్ల సంగతి యేమి తెలియునని ఎంజో ఫెరారీ ఈసడించెననియు ఒక కథ కలదు. చెప్పినవారెల్ల తలకొక రంగు పూసిన కథ యిది. నేను దానికి పెద్ద విలువ నీయను. 1963లో సాంతాగాత బొలొనేజె అను చిన్న యూరిలో అతడు కార్ల కర్మాగారమును స్థాపించిన మాట మాత్రము నిజము.

ఫెరారీ కొలువు విడిచి వచ్చిన జొట్టో బిజ్జరీని అతనికి పండ్రెండు సిలిండర్ల ఇంజను నొకదానిని రూపొందించి యిచ్చెను. పందెములన్నచో ఫెరూచోకు గిట్టదు. దూరప్రయాణమునకు సుఖమైన కారు చాలునని అతని పట్టు. ఆ యిష్టమునకు తగినట్లే 350 జి.టి. వెలువడినది. అంతటితో తృప్తినొందని వారు, అప్పటికి ముప్పదియేండ్లు నిండని ముగ్గురు యువకులు ఆ కర్మాగారములోనే యుండిరి: ఇంజనీర్లు జాన్ పావొలో దల్లారా, పావొలో స్తాన్సాని, బండిని నడిపి పరీక్షించు న్యూజిలాండువాడు బాబ్ వాలెస్. పగటి పని ముగిసిన పిదప వీరు కాగితముపై మఱియొక బండిని గీయసాగిరి.

వారిముందున్న చిక్కు ఇది. పందెపు కార్లలో అప్పటికే ఇంజను డ్రైవరు వెనుకకు చేరియుండెను. బరువు నడుమనుండుటచే బండి మలుపులలో చుఱుకుగా తిరుగును. కాని నాలుగు లీటర్ల పండ్రెండు సిలిండర్ల ఇంజనును నిలువుగా అచట పెట్టి, దాని వెనుక గేర్‌బాక్సును తగిలించినచో బండి పొడవు హద్దు మీఱును. ఇంగ్లండులో ఇసిగోనిస్ నిర్మించిన మినీ యను చిట్టి కారును చూచి దల్లారా దారి కనుగొనెను. దానివలెనే ఇంజనును ఎద్దుల మెడపై కాడివలె అడ్డముగా పరుండబెట్టి, గేర్‌బాక్సును ఇంజనుతో ఒకే పోతలో కలిపి, రెంటికిని ఒకే నూనె పాఱునట్లు చేసెను. పలుచని ఉక్కు రేకులతో ఛాసీ కట్టి, బరువు తగ్గుటకై దాని నిండ రంధ్రములు తొలిపించిరి. 1965 నవంబరులో తూరిన్ ప్రదర్శనమున పైతొడుగు లేని ఆ ఛాసీనే నిలిపిరి; వస్త్రము లేని అస్థిపంజరమును చూచుటకు జనము మూగిరి. యజమాని మాత్రము, ఇది ప్రకటనకు పనికివచ్చును గాని అమ్ముడుపోవునది కాదని తలచెను.

పైతొడుగు పని తూరిన్ నగరపు బెర్తోనె సంస్థకు దక్కెను. అచట క్రొత్తగా చేరిన ఇరువదియేడేండ్ల మార్చెల్లో గాందీని దానిని చేపట్టెను. ఎత్తు నూటయైదు సెంటీమీటర్లు. ముందుభాగము నేలకు వంగి, వెనుకభాగము బలిసి, వెనుకకు వాలి పరుండిన దీపములచుట్టు నల్లని కనురెప్పలవంటి చట్రములు. వీపు వెనుక మండు ఇంజను వేడిమి వెలికిపోవలెను, డ్రైవరునకు వెనుకదారియు కనబడవలెను; అందులకై అద్దమునకు మాఱుగా నల్లని అడ్డపలకలను వరుసగా పేర్చెను. జనులు శృంగారమనుకొన్నది నిజమునకు అవసరము. 1966 మార్చిలో జెనీవా ప్రదర్శనమునకు నారింజరంగు బండి సిద్ధమయ్యెను గాని ఇంజనును అమర్చుటకు వ్యవధి చాలక, ఆ చోట బరువులు పెట్టి మూత తెఱవకుండ జాగ్రత్తపడిరని చెప్పుదురు.

పోరుటెద్దులను పెంచు స్పెయిన్ దేశపు మియూరా వంశము పేరే దానికి పెట్టిరి, ఫెరూచోది వృషభరాశి. నాగలినుండి ఎద్దును విప్పించిన వ్యాపారి తన మేటి బండికి ఎద్దు పేరే పెట్టుట నాకు ముచ్చట గొలిపినది.

మియూరాకు దోషములు లేకపోలేదు. పెట్రోలు ట్యాంకు ముందుండుటచే, పెట్రోలు తఱిగినకొలది అతివేగమున ముక్కు తేలిపోవుచుండెను. గేర్ల నుండి రాలిన లోహపు పొడి అదే నూనెతో ఇంజనులోనికిని పోవుచుండెను. 1968లోని ఎస్, 1971లోని ఎస్.వి. రకములలో ఒక్కొక్కటి దిద్దుచు వచ్చిరి, చివరి ఎస్.వి. బండ్లలో నూనెలను వేఱుపఱచిరి. 1973తో నిర్మాణము ముగియునాటికి సుమారు 760 బండ్లు వెలువడినవి. అప్పటికే కార్ల సంస్థలో తన సగము పైబడిన వాటాను అమ్మిన ఫెరూచో, 1973లో ట్రాక్టర్ల సంస్థను, 1974లో కార్లలోని మిగిలిన వాటాను విడిచిపెట్టి, ఉంబ్రియాలో ద్రాక్షతోట వేసికొని, 1993లో మరణించెను.

ట్రాక్టరునకును ఇటలీ సౌందర్యమునకును గల పొత్తు మన రాష్ట్రమును కూడ తాకినది. జహీరాబాదున ట్రాక్టర్లు చేయు మహీంద్రా సంస్థ 2015 డిసెంబరులో, ఫెరారీలకు రూపము దిద్దిన, బెర్తోనెకు చిరకాల ప్రత్యర్థియైన పీనిన్‌ఫరీనాను కొనుటకు ఒడంబడిక చేసికొనెను. ఆ పేరుతో వెలువడిన బట్టిస్టా యను విద్యుత్ కారు, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగరు తీరమున ఫార్ములా-ఇ పందెము జరిగిన దినములలో హైదరాబాదున ప్రదర్శింపబడెను. దాని శక్తి 1900 అశ్వములు; మియూరాకు మొదట నుండినవి 350. ఆ యేడు మే నెలలోనే మహబూబ్‌నగర్ చెంత దివిటిపల్లిలో అమరరాజా వారి లిథియం సెల్ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది గనుక, ఇట్టి బండ్ల ఊపిరి ఇక మనకు దూరపు వస్తువు కాదు.

అయినను అందము మాట వచ్చినప్పుడు నా ఓటు పాతదానికే. బట్టిస్టా ఎంత నునుపైనదైనను, ఏ వంపు ఎందుకున్నదో చూపరికి తోచదు. మియూరాలో కారణము లేని గీత దాదాపు కానరాదు.