కనిపించని ధూళి: రాతిలో డ్రిల్లింగ్ – సిలికా ప్రమాదం – నివారణ

కీలకపదాలు: గ్రానైట్, సిలికా ధూళి, సిలికోసిస్, తడి డ్రిల్లింగ్, వృత్తిపదజాలం.

వేములవాడ పరిసరాలలో బోరుబండి పనిచేసే చోట లేచే తెల్లని దుమ్మును చూడనివారు అరుదు. కట్టడాల వద్ద బండలోనో కాంక్రీటులోనో రంధ్రం వేసేటప్పుడూ అదే దృశ్యం. కరీంనగర్ ప్రాంతపు గ్రానైట్ ‘టాన్ బ్రౌన్’ పేరుతో విదేశాలకు ఎగుమతి అవుతున్నది. ఆ శిలలోని క్వార్ట్జ్ స్ఫటికరూపంలో ఉన్న సిలికాయే.

దుమ్ము, దుబ్బ, నుసి, పొడి – వాడుకలో ఉన్న ఈ మాటలన్నీ ప్రధానంగా కంటికి కనిపించే వాటికి పేర్లు. అసలు హాని చేసే రేణువుకు శ్రామికుల నోట ప్రత్యేకమైన పేరు లేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదాల సంపుటంతో మాండలిక వృత్తిపదకోశాలకు పునాది పడిన భాషలో ఈ లోటు గమనింపదగినది. పెద్ద రేణువులు ముక్కులోను గొంతులోను చిక్కుకొంటాయి. సుమారు 5 మైక్రాన్ల లోపువి మాత్రమే ఊపిరితిత్తుల వాయుగోణుల దాకా చేరుతాయి. వాటిని మింగిన రక్షకకణాలు నశిస్తాయి. ఆ చోట కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. ఇదే సిలికోసిస్. దీనిని నయం చేసే మందు లేదు. పైగా క్షయవ్యాధి ముప్పు పెరుగుతుంది.

అమెరికాలో 2016 నాటి నిబంధన ప్రకారం ఎనిమిది గంటల పనిలో సగటు పరిమితి ఘనమీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. పూటంతా పది ఘనమీటర్ల గాలి పీల్చినవానికి అది అర మిల్లీగ్రాము, అనగా ఆవగింజ బరువుకన్న తక్కువ. ముఖానికి చుట్టుకొన్న తువాలు ఇంతటి సూక్ష్మరేణువులను ఆపలేదు.

కాబట్టి ధూళిని పుట్టినచోటనే పట్టాలి. డ్రిల్లు మొనకు నిరంతరం నీరందిస్తే పొడి బురదగా మారుతుంది. ఆ బురదను తడిగా ఉండగానే ఎత్తివేయాలి. ఆరితే మళ్లీ ధూళే. విద్యుత్ పరికరాలతో నీరు ప్రమాదకరం గనుక, అక్కడ రంధ్రం చుట్టూ తొడుగు అమర్చి, సూక్ష్మరేణువులను వడకట్టగల పీల్పుయంత్రాన్ని కలపాలి. రంధ్రాన్నీ, ఒంటిమీది బట్టలనూ గాలిగొట్టంతో ఊది శుభ్రపరచడం మన పనిచోట్ల సర్వసాధారణం. నా దృష్టిలో మొదట మాన్పించవలసిన అలవాటు అదే. వీటి తరువాతనే ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు.

2025 దాకా అమలులో ఉన్న ఉద్యోగుల నష్టపరిహార చట్టం (1923) సిలికోసిస్‌ను వృత్తివ్యాధిగా గుర్తించింది. కాని వ్యాధి బయటపడడానికి తరచు పదేళ్లకు పైగా పడుతుంది. అప్పటికి ఆ శ్రామికుడు ఎన్ని పనిచోట్లు మారి ఉంటాడో, ఏ యజమాని వద్ద ఎంత ధూళి పీల్చాడో చూపే కాగితం అతని చేతిలో ఉండదు.