కరెంటుకు దారెంత? అడ్మిటెన్స్ విశేషాలు

అనకాపల్లి జిల్లా పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. మొదటిది 2002లో పని మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన విద్యుత్తు కలపాక సబ్‌స్టేషన్ దాటాక ఏ లైన్లో ఎంత పోవాలన్నది చాలామటుకు మనుషులు వంతులేసి పంచేది కాదు. అక్కడక్కడి వోల్టేజీలు, లైన్ల స్వభావం కలిసి తేలుస్తాయి. లైను కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పేది ఇంపెడెన్స్. ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పేది అడ్మిటెన్స్. ఒకటి రెండోదానికి విలోమం.

అడ్మిటెన్స్ అనే మాటను 1887లో వాడుకలోకి తెచ్చినవాడు ఆలివర్ హెవిసైడ్. పదహారేళ్లకే బడి మానేసిన టెలిగ్రాఫ్ ఉద్యోగి ఆయన. కాలేజీ మెట్లెక్కలేదు.

లోపల ఏముందో తెలియని ఒక పెట్టె ఉందనుకోండి. దానికి ఇటు రెండు తీగలు, అటు రెండు తీగలు. నాలుగంటే నాలుగే సంఖ్యలతో దాని ప్రవర్తనంతా చెప్పేయవచ్చు. వాటినే వై-పరామితులు అంటారు. అటువైపు తీగలను షార్ట్ చేసి, ఇటు వోల్టేజీ ఇచ్చి, రెండు వైపులా కరెంటు కొలిస్తే రెండు సంఖ్యలు వస్తాయి. వైపులు మార్చి అదే పని చేస్తే మిగతా రెండు. లోపల ఉన్నవి రెసిస్టర్లు, కాయిల్స్, కెపాసిటర్లే అయితే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చెప్పే సంఖ్యలు రెండూ ఒకటే. ట్రాన్సిస్టర్ ఉంటే ఆ సమానత్వం చెల్లదు. అది ఒక దిక్కుకే పెద్దపీట వేస్తుంది.

అసలు అందమంతా పెద్ద గ్రిడ్‌లో ఉంది. వెయ్యి సబ్‌స్టేషన్లుంటే, ఒక్కోదానికి ఒక అడ్డువరుస, ఒక నిలువువరుస చొప్పున, అడ్మిటెన్స్ పట్టికలో పది లక్షల గళ్లు. కానీ ఒక్కో సబ్‌స్టేషన్‌కు నేరుగా లైన్లుండేది సగటున మూడు నాలుగింటితో. లైను లేని చోట సున్నా. అంటే నిండేది నాలుగైదు వేల గళ్లే, మిగతావన్నీ ఖాళీ! వార్డ్, హేల్ అనే ఇద్దరు 1956లో ఈ పట్టికతోనే, ఏ లైన్లో ఎంత విద్యుత్తు పోతుందన్న గ్రిడ్ లెక్కను కంప్యూటర్‌కెక్కించారు. 1967లో టిన్నీ, హార్ట్ ఆ సున్నాలను తెలివిగా పక్కనపెట్టి, న్యూటన్ పద్ధతితో పెద్ద గ్రిడ్లను కూడా చకచకా లెక్కగట్టే దారి చూపారు. ఇంజినీరింగ్ లెక్కల్లో ఇంత సొగసైనది అరుదని నా అభిప్రాయం. అదే పట్టికకు విలోమం కడితే సున్నాలు దాదాపుగా మాయమవుతాయి. నేరుగా లైను లేకపోయినా ప్రతి ఊరి ప్రభావం ప్రతి ఊరి మీదా ఉంటుందని ఆ నిండిన గళ్లు చెబుతాయి. ఎక్కడ షార్ట్ సర్క్యూట్ అయితే ఎంత కరెంటు ఎగబాకుతుందో అంచనా వేసేది దానితోనే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకి కరెంటు లైన్లను నేలమట్టం చేసింది. అలా ఒక లైను పోతే పట్టికలో మారేది నాలుగు గళ్లు మాత్రమే. అందుకే ఏ లైను తెగితే ఏమవుతుందో ముందుగానే వందలసార్లు లెక్కగట్టి చూసుకోవచ్చు.

ఎవరెవరు ఒకే పట్టికలో ఉన్నారన్నదీ ముఖ్యమే. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైంది. రెండోరోజు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా కూలాయి. మనకేమీ కాలేదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్ వేరు. గాజువాకలో ఒక్కోటి 500 మెగావాట్ల రెండు హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజీ డీసీ) వ్యవస్థల లాంటి డీసీ లింకులే మనల్ని మిగతా దేశంతో కలిపేవి. వాటి గుండా ఎంత పంపాలో మనిషే నిర్ణయిస్తాడు కనుక అవి ఏసీ పట్టికలో లైనుగా కనిపించవు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది దేశ గ్రిడ్‌లో కలిసింది. ఇప్పుడు అనకాపల్లి, ఢిల్లీ ఒకే పట్టికలో ఉన్నాయి.

ఇక బెల్లం ఊరు అనకాపల్లి రైతులకు పనికొచ్చే సంగతి. సమాంతరంగా కలిపిన పరికరాల అడ్మిటెన్స్‌లను కూడితే సరిపోతుంది. చెరకు గానుగ మోటారుదీ, పంపుసెట్టుదీ రియాక్టివ్ (పని చేయకుండా వచ్చిపోయే కరెంటుకు చెందిన) భాగం రుణం, కెపాసిటర్‌ది ధనం. సమాంతరంగా కలిపితే ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. వైరులో కరెంటు తగ్గుతుంది, లైను చివర వోల్టేజీ నిలబడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌పై భారం తగ్గుతుంది. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ చాలు. మీ మోటారుకు అది ఉందో లేదో, ఉంటే పనిచేస్తోందో లేదో ఈ సీజను మొదలవకముందే లైన్‌మన్‌తో ఒకసారి చూపించుకోండి.