గుండెల్లో మంట, కడుపులో ఆమ్లం

భోంచేసి నడుం వాల్చగానే గుండెల్లో మంట, పుల్లని తేన్పులు రావడం చాలామందికి అనుభవమే. కడుపులో ఆమ్లం మరీ ఎక్కువైందనుకుంటాం. చాలాసార్లు అసలు సంగతి వేరు. అన్నవాహిక చివర ఉండే కండరం వదులైతే జీర్ణాశయంలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అన్నవాహిక లోపలి పొర దాన్ని తట్టుకోలేదు. అదే ఈ మంట.

ఇంతకీ ఆ ఆమ్లం మనకు శత్రువా? కాదు. ఆహారంలోని మాంసకృత్తుల నుంచి బి12 విటమిన్‌ను విడదీయడానికి అది కావాలి. ఇనుము ఒంటబట్టడానికీ కావాలి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి మాత్రలు ఆమ్లాన్ని బాగా తగ్గిస్తాయి. పుండ్లు మానడానికి అవి మంచి మందులే. అయితే ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గవచ్చు. అమెరికాలో 2013లో వెలువడిన ఒక పరిశీలనలో, 2 ఏళ్లు, అంతకు మించి వాడినవారిలో ఈ లోపం ఎక్కువగా కనిపించింది. కాలేయంలో బి12 నిల్వ ఉంటుంది కనుక లోపం నెమ్మదిగా బయటపడుతుంది. నీరసం, నాలుక మంట, పాదాల్లో తిమ్మిర్లు, మతిమరుపు దాని గుర్తులు. వయసు మళ్లినవారూ, శాకాహారులూ మరింత జాగ్రత్తగా ఉండాలి. రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది.

అలాగని మాత్ర హఠాత్తుగా మానేయకండి, మంట తిరగబెట్టవచ్చు. డాక్టరును అడిగి తగ్గించుకోండి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య 3 గంటలు ఉండనివ్వండి. మంచానికి తలవైపు కోళ్ల కింద 6 అంగుళాల దిమ్మలు పెట్టండి. పొగతాగడం మానండి. మింగుడు పడకపోయినా, మలం నల్లగా వచ్చినా, ఛాతీ నొప్పితో చెమటలు పట్టినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.